పాల సొర కోసం పోతే

మా పాప పుట్టి పదమూడో రోజు అది. బొడ్డు ఊడింది, పురుడు చేసేశారు, ఇక ఇంట్లో ఆడవాళ్ల ధ్యాసంతా బాలింత కంచం మీద పడింది. పొద్దున్నే మా అత్త కాఫీ గ్లాసు చేతికిస్తూనే "కొత్తపట్నం ఒడ్డుకు పోయి పాల సొర తీసుకురా నాయనా, ఇక్కడ మార్కెట్లో దొరికేది వద్దు, మూత్రం కంపు కొడతది" అంది. అత్త మాటకు ఎదురు చెప్పే ధైర్యం నాకింకా రాలేదు. బండి తీశాను.

ముందే చెప్తున్నా, నేను వేటకు పోయేవాణ్ణి కాదు. ఒంగోలులో ఒక రొయ్యల మేత షాపులో లెక్కలు రాస్తాను. కాకపోతే మా నాన్న ఒకప్పుడు పడవలోళ్లకు ఐసు అమ్మేవాడు, సెలవులన్నీ ఆ ఐసు పెట్టెల మీద కూర్చునే గడిచాయి, అందుకని ఏ చేప ఏదో నాకు బాగా తెలుసని ఒక గర్వం ఉండేది. ఆ రోజుతో అది కాస్త దిగింది.

అత్త చెప్పిన కంపు సంగతి నిజమే. సొర ఒంట్లో, టేకు (పళ్లెంలా పరుచుకుని ఉండే చేప, ఇంగ్లీషులో రే) ఒంట్లో యూరియా ఎక్కువ. చుట్టూ ఉన్న ఉప్పునీళ్లు ఒంట్లో నీటిని లాగేసుకోకుండా అవి యూరియాను బయటికి వదిలిపెట్టకుండా రక్తంలోనే దాచుకుంటాయి. చేప చచ్చాక బ్యాక్టీరియా ఆ యూరియాను అమ్మోనియాగా మారుస్తుంది, అదే ఆ ఘాటు. అందుకే సొర కొనాలంటే ఒడ్డునే కొనాలి. మిగతా చేపల్ని మొప్పలెత్తి చూసి కొంటాం, దీన్ని మాత్రం ముక్కు పెట్టి కొనాలి.

ఇక పాల సొర ఎందుకంటే, బాలింతకు పాలు పడతాయని. ఉడకబెట్టి, తోలు ఒలిచి, చేత్తో పొడిపొడిగా చిదిమి, వెల్లుల్లి, పచ్చిమిర్చి, మిరియాలు వేసి పుట్టు చేసి పెడతారు. ముల్లుండదు, మెత్తగా ఉంటుంది, పచ్చి ఒంటికి సులభంగా అరుగుతుంది. ఈ నమ్మకం మన ఒక్కరిదే అనుకుంటాం గానీ ఇంగ్లీషువాళ్లు కూడా ఆ చేపను మిల్క్ షార్క్ అనే పిలుస్తారు, ఆ పేరు వెనక ఉన్నది కూడా ఈ మన బాలింతల నమ్మకమేనట. అంటే మా అత్త చేసే పుట్టు వాసన చాలా దూరం పోయిందన్నమాట.

వేట నిషేధం అయిపోయి పది రోజులు కూడా కాలేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, ఇంజిన్ పడవ ఏదీ నీళ్లలోకి దిగకూడదు. నిషేధం ముగిసిన మొదటి వారాల్లో ఒడ్డు తిరనాళ్లలా ఉంటుంది. మనకక్కడ జెట్టీ లేదు, ఏమీ లేదు, ఫైబర్ బోటు అలల్లోంచి నేరుగా ఇసక మీదికి రావాల్సిందే, ట్రాక్టరుకు తాడు కట్టి పైకి లాగాల్సిందే. నేను పోయేసరికి మా చిన్ననాటి స్నేహితుడి నాన్న, నేను మామా అని పిలిచే ఆయన, బోటు పక్కన వల విప్పుతూ ఉన్నాడు. వల రాత్రంతా అడుగున ఉన్నదే. విప్పడమంటే మెలిక మెలికా వేళ్లతో విడదీయడం, పీత కాలు ఒకటి వల కన్నులో ఇరుక్కుంటే దానికే ఐదు నిమిషాలు పడుతుంది.

ఆ వలలోంచి ఒక టేకు ఊడి ఇసకలో పడింది. పెద్దదేం కాదు, అన్నం కంచమంత ఉంటుంది, పైన మట్టి రంగు, కింద సున్నం కొట్టినట్టు తెలుపు. మామ ముందు చేసిన పని దాని తోక మొదట్లో ఉన్న ముల్లును కత్తితో నరికి పక్కకు విసరడం. ఆ ముల్లుకు రెండు పక్కలా రంపం పళ్లుంటాయి, విషం ఉంటుంది, కాల్లో దిగితే మనిషి మెలికలు తిరిగిపోతాడు. దిగితే ఏం చేయాలో అక్కడ చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో కాలు పెట్టమని. వైద్యం పుస్తకాలు కూడా అదే చెప్తాయి, ఆ విషం ప్రొటీన్ కాబట్టి వేడికి విరిగిపోతుందని, గంట, గంటన్నర దాకా అట్లా ఉంచమని. (తర్వాత ఆస్పత్రికి పోవాల్సిందే, ముల్లు ముక్క లోపల విరిగి ఉండిపోతే కాలు చీము పడుతుంది.)

ముల్లు తీసేసి టేకును వెల్లకిలా తిప్పాడు. అప్పుడు దాని పొట్ట కింద నుంచి ఏదో జారింది. నేను పేగులనుకున్నాను. కాదు. రెక్కలు రెండూ లోపలికి చుట్టుకుని, తమలపాకు చిలకలా మడిచి ఉన్న పిల్ల. ఇసక తగలగానే మెల్లగా విప్పుకుంది. నా అరచేతికన్నా చిన్నది, తోక మాత్రం దారంలా పొడుగు. దాని వెనకే ఇంకొకటి. మూడోదాని పొట్టకు రేగుపండంత పచ్చసొన సంచి ఇంకా వేలాడుతూనే ఉంది.

టేకులు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. అంతే కాదు, మొదట్లో ఆ పచ్చసొన మీద బతికిన పిల్లకు అది అయిపోయాక తల్లి గర్భంలోనే పాలలాంటి ద్రవం ఊరుతుంది, దాన్ని తాగి పెరుగుతాయి. వలలో చిక్కినప్పుడు, పైకి లాగినప్పుడు, ఆ హింసకు నెలలు నిండకుండానే పిల్లల్ని వదిలేస్తాయి. ఇదంతా నేను తర్వాత చదువుకున్నది. అప్పుడు మాత్రం నోట మాట రాక నిలబడ్డాను, ఎందుకంటే పదమూడు రోజుల కింద ఆస్పత్రి వరండాలో ఎట్లా నిలబడ్డానో అదే తీరుగా ఉంది.

"ఏంది మామా ఇది, కాన్పు అవుతుంటే" అన్నాను.

"రోజూ అవుతాయి అబ్బాయ్. నువ్వు ఈ రోజు చూశావు" అన్నాడు, చెయ్యి ఆపకుండా.

మొదటి రెండు పిల్లల్ని దోసిట్లో పట్టుకుని మోకాలి లోతు దాకా పోయి వదిలాను. ఒకటి ఇసక మీద వాలి, కొంచెం మట్టి లేపి, కనపడకుండా పోయింది. రెండోది కాసేపు అలకు అటూ ఇటూ కొట్టుకుంది, తర్వాత ఏమైందో చూడలేదు. సొన సంచి ఉన్నది బతకదని నాకే అర్థమైంది. దాన్ని కాకి తీసుకుపోయింది. వెనక్కి వచ్చేసరికి వలలు బాగుచేసుకునే కుర్రాళ్లు నన్ను చూసి నవ్వుతున్నారు, "అన్న టేకు పిల్లలకు మంత్రసాని" అని.

మామ నవ్వలేదు. ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఈ నిషేధం ఉంది చూడు, అది గుడ్లు పెట్టే చేపకు. సొరకు, టేకుకు ఏ నెలలో ఆపుతావు?" పాల సొర దాదాపు ఏడాది మోస్తుంది, కంటే రెండో మూడో ఐదో పిల్లలు. కవళ్లలాంటి చేపలు వేలల్లో గుడ్లు వదులుతాయి, ఒక మంచి ఏడు దొరికితే తేరుకుంటాయి. ఇవి అట్లా కాదు. కొన్ని పెద్ద సొరలకైతే ఆడది ఈడుకు రావడానికే పదేళ్లు దాటుతుంది. 61 రోజులు కాదు, ఆరు నెలలు ఆపినా కడుపుతో ఉన్న సొర ఒకటి మిగతా ఆరు నెలల్లో వలలో పడుతూనే ఉంటుంది. నిషేధం వద్దని కాదు. దాన్ని చూపించి సొరల్ని కాపాడేశామనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

సరే, వచ్చిన పని పాల సొర. వేలం పాట పాడే చోటికి పోతే ఒకామె గంపలో చిన్న సొరలు పోసుకుని కూర్చుంది. "అన్నీ పాల సొరలే నాయనా, ఏదైనా ఏరుకో, కిలో మూడొందల యాభై." ఏరడం మొదలుపెట్టాను. మూతి కొనదేలి, బూడిద రంగులో ఉన్నవి నాలుగైదు, అవి నిజంగా పాల సొరలే. ఒకదాని రెక్క కొన నల్లగా ఉంది, అది వేరే రకం. కింద నుంచి ఒకటి బయటికి లాగితే తల అడ్డంగా, సుత్తిలా ఉంది. కొమ్ము సొర పిల్ల. నా మోచెయ్యి నుంచి వేలి కొనదాకా ఉంటుంది, అంతే. తిప్పి చూశాను. ముందు రెక్కల మధ్య, గొంతు కింద, చిన్న చీలిక, అంచులు ఇంకా కలవలేదు. అది ఏమిటో అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

బొడ్డు. సొరల్లో కొన్ని రకాలకు తల్లికీ పిల్లకూ మధ్య మన లాగే పేగు ఉంటుంది, పుట్టాక తెగిపోతుంది, కొద్ది వారాల్లో ఆ మచ్చ మానుతుంది. కొమ్ము సొర ఆ రకమే, పాల సొరా ఆ రకమే. అంటే నా చేతిలో ఉన్నది పుట్టి కొద్ది రోజులు కూడా కాని పిల్ల.

ఇన్నేళ్లుగా నేను పాల సొర అంటే ఒక రకం చేప అనుకున్నాను. ఒడ్డున అది రకం కాదు, సైజు. చిన్నగా ఉన్న సొర ఏదైనా పాల సొర కిందే పోతుంది, ఎందుకంటే బాలింతల ఇళ్లలో రేటు పలికే పేరు అది. అమ్మేవాళ్లు మోసం చేస్తున్నారని నేననను, గంప ఎత్తుకుని ఆటోకు పరిగెత్తే ఆవిడ ఒక్కో చేప తల తిప్పి చూస్తూ కూర్చోదు. కానీ తీరం దగ్గర లోతు తక్కువ నీళ్లలోకి ఈ సొరలు కనడానికి వస్తాయి, పిల్లలు అక్కడే పెరుగుతాయి, మన చిన్న పడవల వలలు పడేదీ అక్కడే. చట్టం ప్రకారం తీరం నుంచి 8 కిలోమీటర్ల దాకా పెద్ద మరబోట్లు రాకూడదు, ఆ నీళ్లు చిన్న వేటగాళ్లవి. వాళ్ల బతుకూ సొర పిల్లల బతుకూ ఒకే గట్టు మీద పడ్డాయి. (పెద్ద బోట్లు ఆ గీత ఎంత గౌరవంగా పాటిస్తాయో రాత్రిళ్లు ఒడ్డున నిలబడి లైట్లు లెక్కపెడితే తెలుస్తుంది, అది వేరే కథ.)

"ఇది కొమ్ము సొర పిల్ల గదా అమ్మా, పట్టకూడదంటారు" అన్నాను. ఆమె చుట్టూ చూసి దాన్ని నా చేతిలోంచి లాక్కుని గంప అడుక్కి తోసేసింది. ఆ తోయడం చూశాక ఈ పోస్టు రాయాలనిపించింది.

2001 జూలైలో కేంద్రం ఒక్కసారిగా సొరలు, టేకులు అన్నిటినీ వన్యప్రాణి చట్టం కిందికి తెచ్చింది. మత్స్యకారులు గొడవ చేశారు, పట్టకుండా ఎట్లా కుదురుతుంది, వలకు ఏం తెలుసు అని. డిసెంబరులో దాన్ని పది రకాలకు కుదించారు. తిమింగల సొర, రంపపు మూతి చేపలు, గంగా సొర, ముళ్ల టేకు, ఇట్లాంటివి. పాండిచ్చేరి సొర అని ఒకటి ఉంది ఆ పదిలో, దశాబ్దాలుగా ఎవరికీ సరిగ్గా కనపడనిది. 2013లో రెక్కలు కోసుకుని ఒళ్లు సముద్రంలో పారేయకూడదని, రెక్కలు ఒంటికి ఉండగానే ఒడ్డుకు తేవాలని నియమం వచ్చింది. 2015 ఫిబ్రవరిలో రెక్కల ఎగుమతి మొత్తం ఆపేశారు. 2022లో చట్టం సవరించి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు చేసి, జాబితా ఇంకా పెంచారు. మొదటి షెడ్యూలులో (అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితాలో) ఉన్నదాన్ని పట్టి అమ్మితే మూడు నుంచి ఏడేళ్ల జైలు.

మంచిదే. ప్రపంచంలో సొర, టేకు రకాల్లో మూడోవంతుకు పైగా అంతరించే ముప్పులో ఉన్నాయని 2021లో లెక్క తేలింది, దానికి మొదటి కారణం మరీ ఎక్కువగా పట్టడమే. చట్టం ఉండాలి. కానీ ఆ చట్టం కొత్తపట్నం ఇసక మీదికి ఏ రూపంలో వచ్చింది? మామ చెప్పాడు. ఒక శాఖ వాళ్లు వచ్చి ఒక చార్టు ఇచ్చి పోయారంట, నిగనిగలాడే కాగితం, బొమ్మలు బాగున్నాయి, కింద పేర్లు ఇంగ్లీషులో, వంకర అక్షరాల్లో లాటిన్‌లో. జైలు అన్న మాట ఒక్కటే తెలుగులో. ఆ చార్టు కొన్నాళ్లు గుడి గోడకు ఉంది, తర్వాత వానకు తడిసిపోయింది.

పోయిన ఏడు వాళ్ల వలలో ఒక పెద్ద చేప పడింది. ముందు సగం టేకు, వెనక సగం సొర, మూతి పారలా కోణంగా. గిటారు చేపల జాతిలో పెద్దది అది, ఆ రెక్కలు విదేశాల్లో సూపుకోసం అన్నిటికన్నా ఎక్కువ ధర పలుకుతాయి, అందుకే లోకం మొత్తంలో ఆ జాతి దెబ్బతింది. వల పైకి లాగినప్పుడు బతికే ఉందంట. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. కొమ్ము సొరలాంటివి ముందుకు ఈదుతుంటేనే మొప్పల్లోకి నీళ్లు పోతాయి, వలలో కదల్లేకపోతే ఊపిరాడక చచ్చిపోతాయి, నువ్వు వల ఎత్తేసరికి వదలడానికి ఏమీ మిగలదు. టేకులు, ఈ గిటారు చేపలు అట్లా కాదు, అడుగున పడుకునే జీవులు, కదలకుండా ఉన్నా నీళ్లు లోపలికి పీల్చుకోగలవు, టేకుకైతే కంటి వెనక ఉండే రంధ్రం అందుకే. కాబట్టి అవి చాలాసార్లు ప్రాణంతోనే పైకి వస్తాయి. అప్పుడే, బోటు అంచు మీదే, వల కొంచెం కోసి వదిలేస్తే బతికే అవకాశం ఉంది.

వీళ్లు వదల్లేదు. ఏ చేపో తెలియదు, బరువుంది, రేటొస్తుంది, ఎక్కించారు. ఒడ్డు కనపడే దూరానికి వచ్చాక ఎవరో ఫోన్లో చెప్పారు, అది కేసు చేపరా అని. ఇక టెన్షన్. అప్పటికది చచ్చిపోయింది. మళ్లీ వెనక్కి తిప్పి, లోతులో తోసేసి వచ్చారు. రెండు రోజులకు దక్షిణం వైపు ఒడ్డుకు కొట్టుకొచ్చిందట, కుక్కలు తిన్నాయి.

ఇప్పుడు ఆ చేప ఏ లెక్కలో ఉంది? కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు ఒడ్డున దిగే చేపను చూసి లెక్క రాసుకుంటారు. దిగని చేపకు లెక్క లేదు. పట్టినవాడికి రూపాయి రాలేదు, చేపకు ప్రాణం రాలేదు, శాస్త్రానికి ఒక గీత కూడా రాలేదు. గంప అడుక్కి తోసేసిన కొమ్ము సొర పిల్లదీ అదే గతి. భయం పెట్టి జాబితా పొడిగించినకొద్దీ చేపలు పట్టడం ఆగుతుందో లేదో గానీ చేపలు చూపించడం మాత్రం ఆగిపోతుంది. నా గొడవ ఇదే.

గుజరాత్‌లో వేరేగా చేశారు. తిమింగల సొరను అక్కడ ఒకప్పుడు నూనె కోసం, మాంసం కోసం వేటాడేవాళ్లు. 2004 నుంచి కథలు చెప్పే మొరారి బాపు దగ్గరికి పోయి ఆయన చేత చెప్పించారు, ఈ చేప కాన్పుకు పుట్టింటికి వచ్చిన కూతురు లాంటిది, దాన్ని చంపుతామా అని. వల కోసి వదిలితే ఆ వల ఖర్చు అటవీ శాఖ ఇచ్చేటట్టు ఏర్పాటు చేశారు. వందల సొరల్ని వదిలిపెట్టారు ఆ తీరంలో. మాట వాళ్ల భాషలో వచ్చింది, వల డబ్బు చేతికి వచ్చింది. మనకు ఈ రెంటిలో ఏదీ రాలేదు, చార్టు వచ్చింది.

పేర్ల సంగతే ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే దీని మీద నాకు కోపం ఉంది. విశాఖపట్నంలో కంపెనీ కాలంలో ప్యాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు ఉండేవాడు. మన తీరం చేపలు రెండొందలు ఏరి, బొమ్మలు వేయించి, 1803లో లండన్‌లో పుస్తకం వేశాడు. ఆయన చేసిన గొప్ప పని ఏంటంటే జాలర్లు ఏ పేరుతో పిలిచారో ఆ పేరే రాసుకున్నాడు. పాల సొర్ర అని, టేకులకు టెంకి అని, ముట్టుకుంటే షాక్ కొట్టే కరెంటు టేకుకు తిమ్మిరి అని. తర్వాతి శాస్త్రవేత్తలు ఆ పేర్లనే లాటిన్‌లో కలిపేశారు. ఇవాళ్టికీ ఒక సొర శాస్త్రీయ నామం కార్కరైనస్ సొర్రా. కొమ్ముల టేకు ఒకదాని పేరు మొబులా ఎరెగూడూ. మన జాలరి నోట్లో మాట లాటిన్ పుస్తకంలోకి ఎక్కి దాదాపు రెండొందల ఏళ్లయింది, ఆ లాటిన్ తిరిగి చార్టు మీద కొత్తపట్నం వస్తే జాలరికి చదవడం రాదు. ఆ చార్టు వేసినవాళ్లు ఒక్క పూట మామ పక్కన కూర్చుని "దీన్ని మీరేమంటారు" అని అడిగి రాసుకుని ఉంటే సరిపోయేది.

పారేసే చేప గురించి కూడా ఒక మాట. చిన్న పడవల్లో నిజానికి పారేసేది తక్కువ. పెద్ద టేకు రెక్కలు కూరకు పోతాయి, మిగిలింది ఉప్పేసి ఎండబెడతారు. ఆ తిమ్మిరి టేకును మాత్రం ఎవరూ కొనరు, ఇసకలోనే ఎండిపోతుంది. అరచేతి సైజు టేకు పిల్లలు, విరిగినవి, మెత్తబడ్డవి చెత్త చేప కుప్పలోకి పోతాయి. ఆ కుప్ప లారీ ఎక్కుతుంది, పొడి అవుతుంది, పొడి మేత అవుతుంది. నేను షాపులో రాసే బిల్లులో మేత బస్తా ఒక్కటే కనపడుతుంది, అందులో ఎన్ని కాన్పులు మధ్యలో ఆగిపోయాయో దాని మీద రాయరు. పొద్దునంతా టేకు పిల్లలకు మంత్రసాని పని చేసి, మధ్యాహ్నం పోయి ఆ బస్తాలకే బిల్లు కొట్టాను. నాకేమీ గొప్ప లేదు ఇందులో.

ఆ రోజు మామతో ఒక ఒప్పందం చేసుకున్నాను. గుర్తు తెలియని టేకో సొరో వలలో ప్రాణంతో వస్తే బోటు మీదికి ఎక్కించకముందే ఫోన్లో ఫోటో తీసి, నీళ్లలోనే వదిలేసి, ఫోటో నాకు పంపాలి. ఆ లోతులో సిగ్నల్ ఉండదు కాబట్టి ఒడ్డుకొచ్చాక పంపుతాడు. ఇప్పటికి నాలుగు ఫోటోలు వచ్చాయి. ఒకదాంట్లో మామ బొటనవేలు తప్ప ఏమీ లేదు.

ఇంటికి నెత్తళ్లు అనే చిన్న చేపలు తీసుకుపోయాను, కిలో. అత్త గిన్నె మూత తీసి చూసి, నన్ను చూసి, మా ఆవిడను చూసి, "పాల సొర తెమ్మంటే నెత్తళ్లు తెచ్చాడు నీ మొగుడు" అంది. పెద్ద సొరల్లో పాదరసం పేరుకుంటుందని, పాలిచ్చే తల్లులు సొర తినొద్దని అమెరికాలో ప్రభుత్వమే చెప్తుందని ఫోన్లో చూపించబోయాను. "అమెరికా వాళ్లకు పాలు డబ్బాలోంచి వస్తాయి" అని లోపలికి పోయింది. రెండు రోజుల తర్వాత నేను షాపు నుంచి వచ్చేసరికి ఇల్లంతా వెల్లుల్లి, మిరియాల వాసన. ఎవరి చేతో తెప్పించిందో చెప్పలేదు. తల ఎట్లా ఉంది, రెక్క ఎట్లా ఉంది, బొడ్డు మానిందా అని అడుగుదామనుకున్నాను గానీ అప్పటికే అది పుట్టు అయిపోయి ఉంది. మా ఆవిడ తింటూ నాకొక ముద్ద పెట్టింది. నేను ఇంకో ముద్ద అడిగాను.